ఓటీ ఆగిన నెలలోనే మేలుకోండి: మాంద్యంలో ఉద్యోగం, ఇంటి ఖర్చు

టీవీ చర్చల్లో మాంద్యం అన్న మాట వినబడేసరికే విశాఖ గాజువాకలో కొన్ని ఇళ్లకు అది వచ్చి రెండు మూడు నెలలై ఉంటుంది. దేశ ఉత్పత్తి (జీడీపీ) వరసగా రెండు త్రైమాసికాలు తగ్గితే మాంద్యం అనడం వాడుక. మనకు 2020లో అదే జరిగింది. ఏప్రిల్-జూన్‌లో జీడీపీ అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది, తర్వాతి మూడు నెలల్లోనూ తగ్గింది. కానీ ఆ అంకెలు బయటికొచ్చేది త్రైమాసికం అయిపోయిన రెండు నెలలకు. ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు అంతదాకా ఆగక్కర్లేదు. ఆర్డర్లు తగ్గాయని ఓనరు చెప్పకముందే, రోజూ రాత్రి తొమ్మిదింటిదాకా వెలిగే షెడ్డులో ఆరింటికే లైట్లు ఆర్పేయడం చూస్తాడు. ఓటీ, అంటే డ్యూటీ గంటలు దాటి చేసే ఓవర్‌టైమ్, ఆగిందన్నమాట.

ఉద్యోగం ఒక్కరోజులో పోయినట్టే కనిపిస్తుంది. నిజానికి దానికి ముందు కొన్ని వారాలో, కొన్ని నెలలో గడువు దొరుకుతుంది. చాలామంది ఆ గడువుని "మనదాకా రాదులే" అనుకుంటూ గడిపేస్తారు. అందులో చేసుకోవాల్సిన పనులే కింద రాస్తున్నాను. వీలైనంతవరకు ఇదే వరసలో చేయండి.

1. మీ జీతం అసలు ఎక్కడినుంచి వస్తోందో చూడండి

జీతం ఇచ్చేది మీ కంపెనీయే. మరి కంపెనీకి డబ్బిచ్చేదెవరు? వాళ్లకిచ్చేదెవరు? ఇలా రెండు మెట్లు వెనక్కి వెళ్లండి. విశాఖలో ఈ దారి చాలామందికి ఊరు దాటుతుంది, కొందరికి సముద్రమే దాటుతుంది.

రొయ్యల సంగతి చూడండి. ప్రాసెసింగ్ యూనిట్లో ఐసునీళ్లలో చేతులుపెట్టి తల తీసి, తొక్క వలిచి, కౌంటు ప్రకారం వేరుచేసేది ఎక్కువగా ఆడవాళ్లే. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. 30 కౌంటు పెద్ద రొయ్య, 100 కౌంటు చిన్నది. మన రొయ్యలు ఎక్కువగా కొనేది అమెరికా. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే ఇక్కడ చెరువుగట్టు మీద రేటు కదిలిపోయింది. రేటు పడితే రైతు తర్వాతి పంటకి పిల్ల వేయడానికి వెనకాడతాడు. ఈరోజు వేయని పిల్ల మూడు నాలుగు నెలల తర్వాత యూనిట్‌కి రాని సరుకు. అప్పుడు షిఫ్టు తగ్గుతుంది, ఐసు ఫ్యాక్టరీకి గిరాకీ తగ్గుతుంది, వ్యాను డ్రైవరుకి ట్రిప్పులు తగ్గుతాయి. అంటే యూనిట్లో పనిచేసే మనిషికి తన నాలుగు నెలల తర్వాతి జీతం సంగతి చెరువు దగ్గరే తెలిసిపోతుంది. ఊళ్లో రొయ్యల సాగు చేసే చుట్టం ఉంటే ఫోన్ చేసి "ఈసారి ఎన్ని చెరువులకి పిల్ల వేస్తున్నారు?" అని అడగండి. ఏ వార్తాఛానలూ మీకు అంత ముందుగా చెప్పలేదు.

రుషికొండ, మధురవాడ వైపు ఐటీ వాళ్లకి ఇదే దారి అమెరికా, యూరప్ క్లయింట్ల బడ్జెట్ దాకా వెళ్తుంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా, తగ్గిస్తామని ప్రకటించింది. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. ఇవి రెండూ ఒకే ఏడాదిలో వచ్చిన వార్తలు. ప్రకటనలు చూసి ధైర్యంగా ఉండేవాళ్లకి ఒక మాట: అలాంటి హబ్‌లో ఉండే డేటా సెంటర్ కట్టేటప్పుడు కావలసినంతమంది మనుషులు, కట్టాక నడపడానికి అక్కర్లేదు. వార్తలో వచ్చిన ఉద్యోగాల సంఖ్య మీ నెల ఖర్చు లెక్కలోకి రాదు.

ఉక్కు, సిమెంటు, అపార్టుమెంట్ల పని ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఫ్లాట్లు అమ్ముడవకపోతే ముందు మేస్త్రీకి, తర్వాత టైల్స్ కొట్టుకి, ఆ తర్వాత కడ్డీ లోడు దించే కూలీకి తగులుతుంది. నేవీ, డాక్‌యార్డు, రైల్వే, పెన్షనర్లు ఉండే ఇళ్లలో జీతం ఆగదు. మీది చిన్న కొట్టయితే ఈ తేడా బాగా గమనించాలి. పర్మినెంటు ఉద్యోగులుండే కాలనీలో కిరాణా కొట్టుకీ, కాంట్రాక్టు కార్మికులు అద్దెకుండే వీధిలో కిరాణా కొట్టుకీ మాంద్యం ఒకేలా తగలదు. రెండోచోట ఖాతా పుస్తకం ముందు లావెక్కుతుంది, గల్లాపెట్టె తర్వాత పల్చబడుతుంది.

2. కోత ఏ మెట్టులో ఉందో కనిపెట్టండి

ఖర్చు తగ్గించుకునే వరస కంపెనీలన్నిటికీ దాదాపు ఒకటే. ముందు ఓటీ పోతుంది. మానేసినవాళ్ల చోట కొత్తవాళ్లని తీసుకోరు. ఆ తర్వాత కాంట్రాక్టరుని పిలిచి "పదిమందిని తగ్గించు" అంటారు. క్యాంటీన్ రేటు పెరుగుతుంది, కంపెనీ బస్సు రూట్లు రెండు కలిపి ఒకటి చేస్తారు, పండక్కి ఇచ్చే స్వీటు ప్యాకెట్టు చిన్నదవుతుంది. జీతం 1వ తేదీ నుంచి 7కి, 7 నుంచి 15కి జరుగుతుంది. పేర్ల జాబితా వచ్చేది ఇవన్నీ అయ్యాకే.

కూర్మన్నపాలెం బస్టాపులో "ఓటీ నేదు, ఆదోరం డ్యూటీ నేదు బావా" అన్న మాట వినబడితే అది మొదటి మెట్టు. అక్కడే లెక్క మొదలుపెట్టినవాడికి ఊపిరి పీల్చుకునే టైముంటుంది.

మేనేజర్ని అడిగి లాభం లేదు; తెలిసినా చెప్పడు. స్టోర్సులో పనిచేసే మనిషిని అడగండి. ముడిసరుకు ఆర్డరు ఎంత పెట్టారో, ఏ సప్లయరు బిల్లు రాక గేటు దగ్గర గొడవ చేశాడో ఆయనకి తెలుసు. ముప్పై రోజుల్లో వెళ్లే బిల్లు తొంభై రోజులైనా వెళ్లడం లేదంటే కంపెనీ దగ్గర రొక్కం లేదని అర్థం.

ఎవర్నీ అడక్కుండా మీరే చూసుకోగలిగినది ఇంకొకటుంది, పీఎఫ్ పాస్‌బుక్. మీ జీతంలో కోసిన పీఎఫ్‌ని కంపెనీ తర్వాతి నెల 15వ తేదీలోగా జమచేయాలి. ఉమంగ్ యాప్‌లో చూడండి. పేస్లిప్పులో కోత ఉండి, పాస్‌బుక్కులో రెండు నెలలుగా జమ లేకపోతే దాన్ని ఆలస్యమని సరిపెట్టుకోకండి. స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.

ఐటీలో ఆనవాళ్లు వేరు. ఇంక్రిమెంట్ వాయిదా, ప్రాజెక్టు పొడిగింపు మీద క్లయింట్ మౌనం, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, ఉండనిచ్చే రోజులు తగ్గించడం.

ఒక్క ఆనవాలు చూసి కంగారుపడకండి. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం ఆ వారంలోనే మూడో పని పూర్తిచేయండి.

3. చేతిలో ఎన్ని రూపాయలున్నాయో కాదు, ఎన్ని నెలలున్నాయో లెక్కేయండి

ఉదాహరణకి ఒక ఇల్లు తీసుకుందాం. గాజువాకలో అద్దెకుంటున్నారు. ఆయన కాంట్రాక్టు ఫిట్టరు, జీతం 24 వేలు, ఓటీ మరో 5 వేలు. ఆవిడ బ్లౌజులు కుట్టి 4 వేలు తెస్తుంది. మొత్తం 33 వేలు. ఖర్చు: అద్దె 7,000, సరుకులూ కూరగాయలూ 6,000, పాలు 1,800, బండి ఈఎంఐ 3,200, చీటీ 5,000, స్కూలు ఫీజు 2,500, కరెంటు-గ్యాసు-ఫోన్లు 2,200, మందులు 800, పెట్రోలు 2,000. మొత్తం 30,500. నెలకి 2,500 మిగులుతోంది, బ్యాంకులో 40 వేలున్నాయి. బాగానే ఉన్నట్టుంది కదా.

ఇప్పుడు ఓటీ తీసేయండి. రాబడి 28 వేలు. 2,500 మిగులు పోయి 2,500 లోటు వచ్చి కూర్చుంది. ఉద్యోగం పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు, అయినా ఇల్లు అప్పులోకి జారడం మొదలైంది. మధ్యతరగతి దిగువన ఉన్న ఇళ్లకి అసలు దెబ్బ ఇక్కడే తగులుతుందని నా అభిప్రాయం. ఓటీని జీతంలో భాగంగా లెక్కేసి ఈఎంఐలు పెట్టుకున్నవాళ్లు ఊళ్లో వీధికి పదిమంది.

జీతం కూడా తీసేసి చూడండి. తప్పని ఖర్చులు మాత్రమే రాస్తే: అద్దె 7,000, సరుకులు 5,000, పాలు 1,200, ఈఎంఐ 3,200, స్కూలు 2,500, కరెంటు వగైరా 2,000, మందులు 800, పెట్రోలు 1,000. మొత్తం 22,700. ఆవిడ తెచ్చే 4 వేలు తీసేస్తే 18,700 చేతినుంచి పడాలి. 40 వేలు రెండు నెలలకి కాస్త పైన వస్తాయి. చీటీ సంగతి ఇంకా లెక్కలోకి రానేలేదు. దాన్ని తర్వాతి మెట్టులో చూద్దాం.

మీ ఇంటికి ఆ సంఖ్య ఎంతో ఈ రాత్రే కాగితం మీద రాయండి. మూడు నెలలకి తక్కువైతే, కొత్త ఈఎంఐ మాట ఇంట్లో ఎత్తొద్దు. కాంట్రాక్టు పనివాళ్లకి, ప్రైవేటు ఉద్యోగులకి ఆరు నెలలుండాలి.

ఫిషింగ్ హార్బరు దగ్గర ఈ లెక్క ఏటా వేస్తారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. బోట్లు జెట్టీకి కట్టేసి ఉంటాయి, వలలు బాగుచేసుకోవడం తప్ప వేట కూలి ఉండదు. 2025లో ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇచ్చిన భృతి 20 వేలు. అది రెండు నెలలకి చాలదు. అయితే తేదీ ముందే తెలుసు కనుక బియ్యం బస్తా ముందే ఇంట్లో దిగుతుంది. మీ ఉద్యోగానికి అలాంటి తేదీ ఎవరూ చెప్పరు. మీరే ఒకటి పెట్టుకోండి. వచ్చే నెల 1 నుంచి జీతం సగమే అనుకుని ఆ నెలంతా అలాగే నడపండి. జీతం వస్తూనే ఉంటుంది కాబట్టి మిగిలిన సగం వేరే ఖాతాలో పడుతుంది. దీనివల్ల డబ్బు పోగవుతుంది, ఏ ఖర్చు తగ్గదో కూడా తెలుస్తుంది. కాగితం మీద తగ్గిన పాలఖర్చు ఇంట్లో చంటిబిడ్డ ఉంటే తగ్గదు.

ఈ డబ్బుని నూటికి రెండు వస్తుందని తెలిసినవాళ్లకి అప్పివ్వకండి. మీకు కష్టకాలం వచ్చినరోజే వాళ్లకీ వస్తుంది, అడిగితే మాటా పోతుంది. బ్యాంకులో సేవింగ్స్, చిన్న గడువు ఎఫ్‌డీ చాలు. ఒక బ్యాంకులో ఒక మనిషికి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది.

4. అప్పుల వరస మార్చండి

అన్ని అప్పులూ ఒకటి కావు. వడ్డీ ఎక్కువున్నది ముందు తీర్చడం మామూలు సూత్రం. మాంద్యంలో దానికి ఇంకొకటి కలపాలి: కట్టకపోతే ఏది పోతుంది?

క్రెడిట్ కార్డుతో మొదలుపెట్టండి. వీధిలో ఎవరైనా నూటికి మూడున్నర వడ్డీకి అప్పిస్తానంటే "అమ్మో" అంటాం. కార్డు బాకీలో కనీస మొత్తం మాత్రమే కడితే మిగతాదానిమీద చాలా బ్యాంకులు వేసేది నెలకి 3 నుంచి 3.75 శాతం. పైగా ఆ వడ్డీమీద 18 శాతం జీఎస్టీ. వీధిలో వడ్డీవ్యాపారికంటే ఇది ఖరీదు. ఉద్యోగం ఉండగానే దీన్ని మూసేయండి. అవసరమైతే బ్యాంకులో కొద్దిగా బంగారం తాకట్టుపెట్టి మూసినా నష్టం లేదు, వడ్డీ మూడోవంతుకి పడుతుంది. బంగారం మీద వచ్చేదంతా తీసుకోవద్దు. రేటు పడినా, రెన్యువల్ చేయలేకపోయినా వేలానికి వెళ్లేది మీ ఇంటి నగే.

ఇంటిలోను ఉంటే మాంద్యం ఒకచోట కలిసొస్తుంది. మందగమనంలో రిజర్వు బ్యాంకు సాధారణంగా రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) తగ్గిస్తుంది. 2025లో అది 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది. మీ లోను రెపోకి ముడిపడిందా, బ్యాంకు తానే లెక్కగట్టే పాత ఎంసీఎల్‌ఆర్‌లోనే ఉందా బ్యాంకుకెళ్లి అడగండి. పాతదైతే చిన్న ఫీజుతో మారొచ్చు. ఇంకో సంగతి, రేటు తగ్గినప్పుడు బ్యాంకులు మామూలుగా ఈఎంఐ తగ్గించవు, గడువు తగ్గిస్తాయి. మామూలు రోజుల్లో అది మీకే లాభం. ఉద్యోగం ఊగుతున్నప్పుడు మాత్రం "గడువు అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించండి" అని రాసివ్వండి. నెలకి మిగిలే ఆ రెండు వేలు ఇప్పుడు ముఖ్యం.

వాయిదాలు కట్టలేమని తెలిసిపోతే, తప్పకముందే బ్యాంకుకి వెళ్లండి. ఒక్క వాయిదా కూడా తప్పని మనిషికి గడువు పెంచడం మేనేజరుకి సులువు. మూడు తప్పాక ఖాతా మొండిబాకీ కింద రాస్తారు, మాట మారిపోతుంది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చినప్పుడు చాలామంది ఆరు నెలలు వడ్డీ లేదనుకున్నారు. వాయిదా ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. మళ్లీ అలాంటిది వచ్చినా, చేతిలో డబ్బుంటే కట్టేయడమే మేలు.

చీటీ సంగతి. పాడుకోని చీటీ మీ పొదుపు, పాడుకున్న చీటీ మీ అప్పు. ఇంకా పాడుకోలేదు, పనిలో ఆనవాళ్లు కనిపిస్తున్నాయి అనుకోండి. కంగారుగా ఎక్కువ తగ్గించి పాడేయకండి. పాడాక మిగతా నెలల వాయిదాలు ఉద్యోగం లేకపోయినా కట్టాల్సిందే. మిగిలిన నెలలు తక్కువైతే పాడుకుని, ఆ వాయిదాలకి సరిపడా డబ్బు అందులోంచే పక్కన పెట్టేయండి. నెలలు ఎక్కువుంటే మీ చోట ఇంకొకర్ని చేర్చుకోమని చీటీ నడిపేవాళ్లని ఇప్పుడే అడగండి. వీధి చీటీ అయితే ఆ నడిపే మనిషి జీతం ఏ కంపెనీనుంచి వస్తోందో కూడా చూసుకోండి. మీకు ఆగిన జీతమే వాళ్లకీ ఆగుంటే చీటీ కూడా ఆగుతుంది.

ఫోన్లో పది నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి వెళ్లకండి. వెళ్లి ఇరుక్కుని, బెదిరింపులు మొదలైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు తరఫున వసూలుకి వచ్చేవాళ్లయినా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

5. ఖర్చు కొయ్యండి, అన్నీ కాదు

ఇంటిఖర్చు తగ్గించే చిట్కాలు మా ఇంటి ఆడవాళ్లకంటే నాకెక్కువ తెలియవు కాబట్టి ఇది క్లుప్తంగా. మాంద్యంలో ధరలు తగ్గుతాయన్న ఆశ పెట్టుకోవద్దు. టమాటా రేటు మదనపల్లి పంటని బట్టి, వానని బట్టి ఉంటుంది, జీడీపీని బట్టి కాదు. రైతుబజారుకి వెళ్లడం, ఆడవాళ్లు సిటీ ఆర్డినరీ బస్సుల్లో స్త్రీ శక్తి ఉచిత ప్రయాణం వాడుకుని బండి ఇంట్లో పెట్టడం, కర్రీ పాయింట్ కూర వారానికి ఒకసారికి దించడం లాంటివి మీకు తెలిసినవే. ఓటీటీలు, వాడని జిమ్ము, రెండో సిమ్ము ముందు తీసేయండి.

కొయ్యకూడనివి రాసుకోండి. బీపీ, షుగరు మాత్రలు ఒకటి. ఆరోగ్య బీమా ప్రీమియం రెండోది. ప్రైవేటు ఉద్యోగంలో కంపెనీ ఇచ్చిన బీమా మీ చివరి పనిరోజుతో మామూలుగా ఆగిపోతుంది. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో ఉద్యోగం వదలకముందే అడగండి. రైస్ కార్డు ఉన్నవాళ్లు ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలు సచివాలయంలో ఇప్పుడే సరిచూసుకోండి. కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వాసుపత్రి) క్యూలో నిలబడ్డప్పుడు ఆధార్‌లో పేరు తప్పుందని తెలియడం కంటే ఇది నయం.

స్కూలు మార్చాలంటే ఏడాది మధ్యలో మార్చకండి. ఫీజు వాయిదాలకి ఒప్పుకోమని ప్రిన్సిపాల్‌ని కలవండి. సీట్లు ఖాళీ అయ్యే కాలంలో వాళ్లూ బెట్టుచేయరు.

పనిమనిషిని మాన్పించే ముందు ఒక్కసారి ఆగండి. మీరు నెలకి మిగుల్చుకునే రెండు వేలు ఆమె ఇంట్లో అద్దె. మీలాంటి ఇళ్లు నాలుగు ఒకే నెలలో మానిపిస్తే ఆమెకి అది పూర్తిగా ఉద్యోగం పోవడమే. మాంద్యం వీధిలో పాకేది కూడా ఇలాగే. ఒకరి పొదుపు ఇంకొకరి జీతంలో కోత. తప్పకపోతే రోజులు తగ్గించండి, ఒక నెల ముందు చెప్పండి.

6. ఉద్యోగం పోతున్న వారంలో కాగితాలు

హెచ్ఆర్ గదిలోకి పిలిచి "మీరే రాజీనామా రాస్తే రికార్డు బాగుంటుంది" అంటారు. అక్కడికక్కడే సంతకం పెట్టకండి. "ఇంట్లో మాట్లాడి రేపు చెప్తానండీ" అని బయటికి రండి. రాజీనామాకీ, తొలగింపుకీ డబ్బులో తేడా ఉంది. చట్టం ప్రకారం కార్మికుడి కిందకి వచ్చే మనిషి ఏడాది సర్వీసు నిండాక తొలగిస్తే నెల నోటీసు, లేదా దాని జీతం ఇవ్వాలి. పైగా పనిచేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. రాజీనామా రాసినవాళ్లకి ఈ పరిహారం రాదు. ఐటీలో మీ హోదాని బట్టి ఈ చట్టం వర్తిస్తుందా లేదా అన్న వాదన ఉంది, కాబట్టి సంతకానికి ముందు కార్మికశాఖ కార్యాలయంలోనో లాయరు దగ్గరో ఒక్క గంట కూర్చోండి.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల సర్వీసుకి కంపెనీ చివర్లో ఇవ్వాల్సిన మొత్తం, మర్చిపోకండి. ఐదేళ్లు నిండితే చివరి నెల బేసిక్ (మూలవేతనం), డీఏ (కరువు భత్యం) కలిపి 26తో భాగించి 15తో హెచ్చించండి, దాన్ని ఏళ్లతో హెచ్చించండి. బేసిక్ 18,200, సర్వీసు 8 ఏళ్లు అయితే ఏడాదికి 10,500 చొప్పున 84,000. రాజీనామా అయినా ఇది వస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారం, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగులకి ఏడాది నిండితే చాలు. తొలగించినా, రాజీనామా చేసినా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలనీ అందులో ఉంది. "సెటిల్‌మెంట్ 45 రోజులు పడుతుంది" అనే పాత పాట వినిపిస్తే ఈ సంగతి మర్యాదగా గుర్తుచేయండి.

ఆఫీసు మెయిల్ మూసేయకముందే పేస్లిప్పులు, ఫారం 16, అపాయింట్‌మెంట్ లెటరు సొంత మెయిల్‌కి తెచ్చుకోండి. కాంట్రాక్టు కార్మికులైతే గేట్ పాస్, ఈఎస్‌ఐ (కార్మిక ఆరోగ్య బీమా) కార్డుల ఫొటో తీసిపెట్టుకోండి. పాస్ లాక్కున్నాక మీరక్కడ పనిచేశారని చూపడానికి అదే ఆధారం.

పీఎఫ్ మీద ఆదరాబాదరా పడకండి. ఉద్యోగం పోయాక 75 శాతం దాకా తీసుకోవచ్చు. మిగతా 25 శాతానికి ఆగాల్సిన గడువుని 2 నెలల నుంచి 12 నెలలకి పెంచాలని పీఎఫ్ బోర్డు 2025 అక్టోబరులో నిర్ణయించింది. ముందుగా చూడాల్సింది, కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేసిందా? ఆధార్‌లో, పీఎఫ్‌లో మీ పేరు ఒకేలా ఉందా? ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటంవల్ల తిరిగొచ్చే క్లెయిములు చాలా. మర్రిపాలెం పీఎఫ్ ఆఫీసుకి వెళ్లాల్సివస్తే అన్ని కాగితాలూ జెరాక్సులతో వెళ్లండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా 50 వేలు దాటి తీస్తే పన్ను (టీడీఎస్) ముందే కోస్తారు. పింఛను ఖాతాకి పదేళ్లు దగ్గరపడుతుంటే దాన్ని తీసేయొద్దు. పదేళ్లు నిండితేనే నెలనెలా పింఛను అర్హత.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒకటుంది. ఉద్యోగం పోతే సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా, జీవితంలో ఒకసారి. దీన్ని గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి వెళ్లినరోజు అమల్లో ఉందేమో ఈఎస్‌ఐ కార్యాలయంలో అడగండి. ఉద్యోగం పోయినా అంతకుముందు కట్టిన చందాని బట్టి కొన్ని నెలలు ఈఎస్‌ఐ వైద్యం అందుతుంది. ఈ విషయం తెలియక బయట ప్రైవేటులో డబ్బు పోసేవాళ్లు చాలామంది.

7. కొత్త పని వెతకడం

మొదటి వారంలోనే ఇంట్లోవాళ్లకి చెప్పేయండి. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బయల్దేరి బీచ్‌రోడ్డులో కూర్చుని సాయంత్రం ఇంటికి రావడంవల్ల ఖర్చు తగ్గదు. తెలియని మనిషి ఖర్చు తగ్గించలేదు.

కంచరపాలెం ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకోండి, అక్కడ జరిగే జాబ్‌మేళాలకి వెళ్లండి. జీతాలు చూసి మొహం చిన్నబుచ్చుకోవద్దు. మాంద్యంలో అదే పనికి పాత జీతంలో ముప్పావు వంతు దొరికినా నాలుగో నెలదాకా ఖాళీగా ఉండటంకంటే మేలు. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్‌లకి కొత్త ప్రాజెక్టుల పని ఆగిపోయినా మరమ్మతుల పని ఆగదు. ఫ్యాక్టరీ కొత్త మెషిన్ కొనడం మానేస్తే పాతదాన్ని బాగుచేయించుకోక తప్పదు. ఏసీలు, మోటార్లు, బోట్ల ఇంజిన్లు కూడా అంతే. మీ పనిలో మరమ్మతు వైపు ఏముందో చూడండి.

పీఎఫ్ డబ్బంతా పెట్టి కర్రీ పాయింటో, ఫ్రాంచైజీయో తెరవడం ఈ కాలంలో చేయకూడని పని. జనం ఖర్చు తగ్గించుకుంటున్నప్పుడు మీరు కొత్తగా అమ్మబోతున్నారు. చేయాలనే ఉంటే ఇంట్లోంచే, పదిమంది ఖాతాదారులతో మొదలుపెట్టండి, అడ్వాన్సులు కట్టి షాపు తీసుకోకండి.

విదేశాల్లో డేటా ఎంట్రీ, నెలకి లక్ష, వీసా మేమే అన్న మాట వినగానే ఆగండి. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో మన కుర్రాళ్లని ఇలాగే కంబోడియా పంపి, పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. ఏజెంటు విదేశాంగశాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర రిజిస్టరై ఉన్నాడా అన్నది ఈమైగ్రేట్ వెబ్‌సైటులో వెతికితే తెలిసిపోతుంది. లేడంటే ఆయన ఇంటికొచ్చి కాఫీ తాగి, బంధువుల పేర్లు చెప్పినా పాస్‌పోర్టు చేతికివ్వకండి. లోకల్ ఉద్యోగానికి కూడా రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ ముందు కట్టమంటే అదే జాతి.

పని దొరికాక పాత యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ) నంబరే కొత్త కంపెనీకి ఇచ్చి పీఎఫ్ బదిలీ చేయించుకోండి. మొదటి జీతంలోంచి చేబదుళ్లు తీర్చేయండి, రెండోదాంట్లోంచి కిరాణా ఖాతా. ఓటీ మళ్లీ మొదలైతే ఆ డబ్బు ఇంటి ఖర్చు ఖాతాలో వేయకుండా, సగం జీతం దాచుకుని మొన్న ఖాళీ చేసిన ఆ వేరే బ్యాంకు ఖాతాలోకే నేరుగా పంపండి.